నవంబరు 1: పటాలు మారిన తేదీ

ఆంధ్రప్రదేశ్, కేరళ, కర్ణాటక, మధ్యప్రదేశ్, హర్యానా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలన్నిటి అవతరణ తేదీ నవంబరు 1. ఏర్పడిన సంవత్సరాలు మాత్రం వేరు. ఇప్పుడున్న హద్దులతో పంజాబ్ ఏర్పడిందీ ఆ రోజే. పుదుచ్చేరి, యానాం ఫ్రెంచి పాలన నుంచి భారత పాలనలోకి వచ్చింది ఆ తేదీనే. ఈస్టిండియా కంపెనీ చేతుల్లోంచి దేశం బ్రిటిష్ రాణి ఏలుబడిలోకి మారిందని ఊరూరా చాటించిందీ ఆ తేదీనే. సముద్రాలకు ఆవల లిస్బన్ నగరం నేలమట్టమైంది, అల్జీరియాలో స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది, పసిఫిక్ దీవుల్లో మొదటి హైడ్రోజన్ బాంబు పేలింది. భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రి ఈ రోజున పుట్టాడు. పథేర్ పాంచాలీ రాసిన బిభూతిభూషణ్ బందోపాధ్యాయ్ ఈ రోజున కన్నుమూశాడు.

ఒక తేదీ చుట్టూ ఇన్ని సంగతులు చేరడంలో కొంత కాకతాళీయం ఉంది. జననమరణాలు పూర్తిగా ఆ కోవలోవే. మిగిలిన వాటిలో చాలావాటికి కారణాలు కనిపిస్తాయి. పశ్చిమ క్రైస్తవ ప్రపంచంలో నవంబరు 1 సర్వపునీతుల పండుగ. 8వ శతాబ్దంలో పోప్ మూడో గ్రెగరీ రోములో ఆ పునీతుల పేర ఒక ప్రార్థనామందిరాన్ని ఈ తేదీన ప్రతిష్ఠించాడు. తర్వాతి శతాబ్దంలో పండుగ పశ్చిమ యూరప్ అంతటా స్థిరపడింది. పండుగ రోజున జనం ఒకచోట చేరతారు, రాజాస్థానాల్లో వేడుకలు జరుగుతాయి, కార్యాలయాలు మూతపడతాయి. యూరప్ చరిత్రలో ఈ తేదీన జరిగిన ముఖ్య ఘటనలు కొన్నింటికి మూలం అక్కడే ఉంది. భారతదేశంలో కారణం వేరు. నెల మొదటి తేదీ పాలనకు అనువైన రోజు. జీతాలు, జమాఖర్చులు, అధికారాల బదలాయింపు నెల మొదటి నుంచి లెక్కగడితే చిక్కుండదు. కొత్త ప్రభుత్వాలకు చట్టాలు నిర్ణయించిన తేదీల్లో ఒకటో తారీఖులు ఎక్కువగా కనిపించేది అందుకే. ఆంధ్ర రాష్ట్రానికి అక్టోబరు 1, మహారాష్ట్ర, గుజరాత్‌లకు మే 1 అలా వచ్చినవే.

పండుగ వేడుకతో ముడిపడ్డ ఘటనల్లో పాతది 1512 నాటిది. వాటికన్‌లోని సిస్టీన్ ప్రార్థనామందిరపు పైకప్పు మీద మైకెలాంజిలో 1508 నుంచి నాలుగేళ్లు శ్రమించి వేసిన చిత్రాలను ఆ ఏడు సర్వపునీతుల పండుగకు జనానికి చూపించారు. ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ ఆస్థానంలో షేక్‌స్పియర్ ఒథెల్లో 1604లోనూ, టెంపెస్ట్ 1611లోనూ ఇదే పండుగ నాడు ప్రదర్శించినట్టు ఆస్థానపు లెక్కల్లో నమోదైంది. ఈ మూడు తేదీలూ పాత జూలియన్ పంచాంగం ప్రకారం రాసినవి. గ్రెగోరియన్ పంచాంగం 1582లో వచ్చినా ఇంగ్లండు 1752 దాకా దాన్ని స్వీకరించలేదు. కాబట్టి ఒథెల్లో ఆడిన రోజు నేటి లెక్కలో నవంబరు 11 అవుతుంది. తేదీల వారీగా చరిత్రను పేర్చే పుస్తకాలు సాధారణంగా ఈ తేడాను పట్టించుకోవు.

1755లో మాత్రం పండుగే ప్రాణాంతకమైంది. ఆ నవంబరు 1 శనివారం. ఉదయం తొమ్మిదిన్నర దాటాక, లిస్బన్ చర్చీలు భక్తులతో కిక్కిరిసి ఉన్న వేళ, అట్లాంటిక్ గర్భంలో పుట్టిన భూకంపం నగరాన్ని కుదిపేసింది. రాతి కప్పులు జనం మీద కూలాయి. పండుగకు వెలిగించిన కొవ్వొత్తుల నుంచి, వంటిళ్ల పొయ్యిల నుంచి నిప్పు అంటుకుని రోజుల తరబడి నగరం తగలబడింది. కూలే గోడలను తప్పించుకుని నదీతీరానికి పరుగెత్తినవారి మీదకు కొద్దిసేపటికే సునామీ విరుచుకుపడింది. మృతులు 30 వేల నుంచి 50 వేల దాకా ఉంటారని ఎక్కువ అంచనాలు చెబుతాయి. సుమారు 2 లక్షల జనాభా ఉన్న నగరానికి అది కోలుకోలేని దెబ్బ.

పాపాలకు దేవుడు వేసిన శిక్ష అని మతగురువులు బోధిస్తుంటే, భక్తులతో నిండిన చర్చీలే ముందు ఎందుకు కూలాయన్న ప్రశ్న యూరప్‌ను వదల్లేదు. వోల్టేర్ దాని మీద కవిత రాశాడు, ఆ తర్వాత కాండీడ్ నవలలో మళ్లీ ఎత్తుకున్నాడు. యువకుడైన ఇమాన్యుయేల్ కాంట్ భూకంపాలకు భౌతిక కారణాలు వెతుకుతూ వ్యాసాలు రాశాడు. వారిద్దరి కంటే తర్వాతి తరాలకు ఎక్కువ మేలు చేసినవాడు పోర్చుగల్ మంత్రి పోంబాల్ అనాలి. కంపం ఎంతసేపు ఉంది, ఎన్నిసార్లు వచ్చింది, సముద్రం ముందు వెనక్కి తగ్గిందా లేక పొంగిందా అని అడుగుతూ ఆయన దేశంలోని ప్రతి చర్చి పరిధికీ ప్రశ్నపత్రం పంపించాడు. భూకంప శాస్త్రానికి అది తొలి క్షేత్ర సర్వే. కొత్త లిస్బన్‌లో గోడల లోపల కలప చట్రం బిగించి ఇళ్లు కట్టించాడు. చట్రం గట్టిదనం పరీక్షించడానికి నమూనా చుట్టూ సైనికులతో కవాతు చేయించి నేలను అదిరించేవారట.

భారతదేశానికి సంబంధించి ఈ తేదీ కథ 1858లో మొదలవుతుంది. 1857 తిరుగుబాటును అణచివేశాక బ్రిటిష్ పార్లమెంటు ఈస్టిండియా కంపెనీ పాలనను రద్దు చేస్తూ 1858 ఆగస్టులో చట్టం చేసింది. ఆ మార్పును ప్రజలకు తెలియజేసే విక్టోరియా రాణి ప్రకటనను నవంబరు 1న అలహాబాద్‌లో దర్బారు జరిపి గవర్నర్ జనరల్ కానింగ్ చదివించాడు. అదే రోజు దేశంలోని ఇతర ముఖ్య పట్టణాల్లోనూ దాన్ని దేశభాషల్లో చదివి వినిపించారు. ఆ రోజు నుంచి కానింగ్ వైస్రాయి అయ్యాడు.

ప్రకటనలో మూడు హామీలు ప్రధానమైనవి. ప్రజల మత విశ్వాసాల్లో ప్రభుత్వం జోక్యం చేసుకోదు. జాతి, మతం చూడకుండా అర్హతను బట్టి ఉద్యోగాలు ఇస్తుంది. స్వదేశీ సంస్థానాధీశులతో కంపెనీ చేసుకున్న ఒప్పందాలను యథాతథంగా పాటిస్తుంది, ఇకమీదట వారి రాజ్యాలను ఆక్రమించదు. బ్రిటిష్ పౌరుల హత్యల్లో ప్రత్యక్షంగా పాల్గొన్నవారు తప్ప మిగిలిన తిరుగుబాటుదారులు ఆయుధాలు వదిలితే క్షమాభిక్ష లభిస్తుందని కూడా ప్రకటన చెప్పింది. అవధ్‌లో ఇంకా పోరాడుతున్న బేగం హజ్రత్ మహల్ దీనికి ఎదురు ప్రకటన జారీ చేసింది. కంపెనీ ఒప్పందాలనే రాణి అంగీకరించినప్పుడు కొత్తగా ఒరిగేదేమిటని అందులో నిలదీసింది. ఉద్యోగాల హామీ విషయంలో ఆమె అనుమానమే నిజమైంది. ఆ హామీని అమలు చేయండంటూ తర్వాతి తరం జాతీయవాదులు దశాబ్దాల తరబడి విజ్ఞప్తులు పెట్టుకోవలసి వచ్చింది.

మూడో హామీ మాత్రం దేశపటాన్ని స్తంభింపజేసింది. దత్తత చెల్లదని సాకు చూపి రాజ్యాలను కలిపేసుకునే డల్హౌసీ విధానం ముగిసింది. 1858 నాటికి మిగిలిన సంస్థానాలు చిన్నా పెద్దా అన్నీ, భాషతో గానీ ప్రజల అభీష్టంతో గానీ నిమిత్తం లేకుండా, 1947 దాకా అలాగే నిలిచిపోయాయి. జనాభా రీత్యా వాటిలో అతి పెద్దది హైదరాబాదు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి జరిగినా, దివాను సాలార్‌జంగ్ నిజాం ప్రభుత్వాన్ని బ్రిటిష్ పక్షానే నిలబెట్టాడు. అందుకు ప్రతిఫలంగా 1860 ఒప్పందంలో రాయచూరు దోఆబ్, నల్దుర్గ్ జిల్లాలు తిరిగి నిజాం చేతికి వచ్చాయి, షోరాపూర్ సంస్థానం అదనంగా దక్కింది. తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలు ఒక ఉర్దూ పాలనా వ్యవస్థ కింద కలిసి ఉండే ఏర్పాటు అలా మరింత గట్టిపడింది. 1858 ప్రకటన నాటి నుంచి లెక్కిస్తే ఆ ఏర్పాటు విడిపోవడానికి సరిగ్గా 98 ఏళ్లు పట్టింది. విడిపోయిన తేదీ కూడా నవంబరు 1 కావడం ఎవరూ ఉద్దేశించింది కాదు గానీ, ఈ తేదీ చరిత్రలో అర్థవంతమైన జత ఇదే.

ఈ నడుమ వచ్చిన జననమరణాల్లో కొన్నిటికి తెలుగు నేలతో నేరుగా సంబంధముంది. 1873 నవంబరు 1న బెంగాలీ నాటకకర్త దీనబంధు మిత్ర మరణించాడు. నీలిమందు తోటల దొరలు రైతుల చేత బలవంతంగా నీలి సాగు చేయించిన దుర్మార్గాన్ని ఆయన 1860లో నీల్ దర్పణ్ నాటకంగా రాశాడు. దాని ఆంగ్లానువాదాన్ని ప్రచురించినందుకు మిషనరీ జేమ్స్ లాంగ్‌కు నెల రోజుల జైలు, వెయ్యి రూపాయల జరిమానా పడ్డాయి. ఆ జరిమానాను కాళీప్రసన్న సింహ అక్కడికక్కడే కట్టాడు. నీలిమందు కడప, నెల్లూరు సీమల్లోనూ ఒకప్పుడు పెద్ద పంట.

1880 నవంబరు 1న బెర్లిన్‌లో ఆల్ఫ్రెడ్ వెగెనర్ పుట్టాడు. వృత్తిరీత్యా వాతావరణ శాస్త్రవేత్త. ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండి తర్వాత విడిపోయి కదిలాయని 1912లో ప్రతిపాదించాడు, 1915లో పుస్తకం రాశాడు. ఆయన చూపిన ఆధారాల్లో భారతదేశం, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఒకే రకంగా దొరికే గ్లోసాప్టెరిస్ మొక్కల శిలాజాలు, ఆ కాలపు హిమానీనదాల గుర్తులు ఉన్నాయి. ఈ భూభాగాలు కలిసి ఉన్న ప్రాచీన ఖండానికి గోండుల పేరు మీదే గోండ్వానా అని పేరు వచ్చింది. గోండ్వానా కాలపు అడవులు మట్టిలో కూరుకుపోయి ఏర్పడిన బొగ్గు పొరలే ప్రాణహిత, గోదావరి లోయలో సింగరేణి గనులు. తన కాలపు భూగర్భ శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది వెగెనర్‌ను కొట్టిపారేశారు. 1930లో గ్రీన్లాండ్ మంచు మధ్యలోని పరిశోధక శిబిరానికి సామగ్రి చేర్చడానికి వెళ్లి, సరిగ్గా తన 50వ పుట్టినరోజున, రాస్మస్ విల్లుమ్‌సెన్ అనే గ్రీన్లాండ్ సహచరుడితో తిరుగు ప్రయాణం కట్టాడు. ఇద్దరూ తీరం చేరలేదు. వెగెనర్ మృతదేహం మరుసటి వసంతంలో దొరికింది. ఆయన సిద్ధాంతం నిజమని 1960లలో సముద్రగర్భ పరిశోధనలు తేల్చాయి.

1897 నవంబరు 1న పిఠాపురానికి చేరువలోని చంద్రంపాలెంలో దేవులపల్లి కృష్ణశాస్త్రి పుట్టాడు. తండ్రి తమ్మన్నశాస్త్రి, పెదతండ్రి సుబ్బరాయశాస్త్రి పిఠాపురం సంస్థాన పండితులు. ఆ సంప్రదాయంలో పెరిగిన కృష్ణశాస్త్రి రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు నడిచాడు, ఇంగ్లీషు కాల్పనిక కవులను, రవీంద్రుణ్ణి చదివాడు. 1925లో వెలువడిన కృష్ణపక్షం తెలుగు భావకవిత్వానికి పతాక లాంటి కావ్యం. కవి తన దుఃఖాన్ని తన పేర చెప్పుకోవచ్చునన్నది ఆనాటి పండిత లోకానికి మింగుడుపడని సంగతి. విమర్శలు, అనుకరణలు, ఎద్దేవా పుష్కలంగా వచ్చాయి. అయినా తెలుగు పద్యం నడకను ఆయన మృదువుగా మార్చిన తీరు తర్వాతి తరం మీద చెరగని ముద్ర వేసింది. ఆకాశవాణికి లలిత గీతాలు, యక్షగానాలు రాశాడు. బి.ఎన్. రెడ్డి తీసిన మల్లీశ్వరి (1951) మాటలు, పాటలు ఆయనవే. 1960లలో గొంతుకు వచ్చిన వ్యాధి మాట్లాడే శక్తిని హరించింది. సభల్లో గంటల కొద్దీ పద్యాలు వినిపించిన మనిషి చివరి పదిహేనేళ్లకు పైగా కాగితం మీద రాసి చూపిస్తూ గడిపాడు. రాయడం మాత్రం ఆపలేదు. 1976లో పద్మభూషణ్ వచ్చింది, 1980 ఫిబ్రవరి 24న కన్నుమూశాడు.

1950లో ఇదే తేదీన ఘాట్‌శిలలో బిభూతిభూషణ్ బందోపాధ్యాయ్ మరణించాడు. ఆయన ఆరణ్యక్ నవల వనవాసి పేరుతో తెలుగు పాఠకులకు ఆత్మీయమైంది. 1972లో వెనిస్‌లో పోయిన అమెరికన్ కవి ఎజ్రా పౌండ్, 1974లో హైదరాబాదులో పుట్టిన క్రికెటర్ వి.వి.ఎస్. లక్ష్మణ్ కూడా ఈ తేదీ జాబితాలోవారే. 2001 మార్చిలో కోల్‌కతాలో ఫాలో ఆన్ ఆడుతూ లక్ష్మణ్ చేసిన 281 పరుగులు ఆ టెస్టునే కాదు, ఆస్ట్రేలియా వరుస విజయాల పరంపరను కూడా తిప్పేశాయి.

1952 నవంబరు 1 ఉదయం పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవుల్లో అమెరికా మొదటిసారి పూర్తిస్థాయి హైడ్రోజన్ బాంబును పేల్చింది. అమెరికాలో అప్పటికి ఇంకా అక్టోబరు 31. తేదీ అన్నది చోటును బట్టి మారేదని ఆ ఒక్క ఘటన చాలు చెప్పడానికి. పేలుడు శక్తి సుమారు 10.4 మెగాటన్నులు, హిరోషిమా బాంబుకు ఎన్నో వందల రెట్లు. పరికరాన్ని నిలబెట్టిన ఎలుగెలాబ్ దీవి మాయమై ఆ చోట దాదాపు 2 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి మిగిలింది. ఆ ధూళిలో శాస్త్రజ్ఞులకు రెండు కొత్త మూలకాలు దొరికాయి. వాటికి ఐన్‌స్టైనియం, ఫెర్మియం అని పేర్లు పెట్టారు.

మరో రెండేళ్లకు, 1954 నవంబరు 1 సోమవారం, ఫ్రెంచి వలస సామ్రాజ్యం రెండు చోట్ల రెండు రకాలుగా మలుపు తిరిగింది. ఆ రోజు పుదుచ్చేరిలో ఫ్రాన్సు ప్రతినిధి పియెర్ లాండీ పరిపాలనను భారత ప్రతినిధి కేవల్ సింగ్‌కు అప్పగించాడు. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం నాలుగూ భారత పాలనలోకి వచ్చాయి. అదే రోజు తెల్లవారుజామున అల్జీరియాలో జాతీయ విమోచన సమితి పదుల చోట్ల ఒకేసారి దాడులు చేసి సాయుధ పోరాటం ప్రారంభించింది. సర్వపునీతుల పండుగకు ఫ్రెంచివారు సెలవులో, ఏమరుపాటులో ఉంటారని ఆ తేదీని ఎంచుకున్నారు.

ఒకే ప్రభుత్వం, ఒకే రోజు, ఒకచోట సంతకాలు, మరోచోట తుపాకులు. తేడాకు కారణాలు స్పష్టమే. చట్టం దృష్టిలో అల్జీరియా వలస కాదు, ఫ్రాన్సులో భాగం. దాదాపు 10 లక్షల మంది యూరపు సంతతివారు అక్కడ స్థిరపడ్డారు, భూములు వారి చేతుల్లో ఉన్నాయి. పుదుచ్చేరిలో అలాంటి వలసదారుల వర్గం లేదు. చుట్టూ స్వతంత్ర భారతం ఉంది. మరో ఫ్రెంచి స్థావరమైన చందర్‌నగర్ ప్రజలు 1949లోనే భారత్‌లో చేరతామని ఓటేశారు. 1954 మేలో వియత్నాంలోని దియన్ బియన్ ఫూ వద్ద ఓటమితో పారిస్ ప్రభుత్వానికి ఆసియాలో మరో తగాదా పెట్టుకునే ఓపిక మిగల్లేదు. అక్టోబరు 18న కీళూరు గ్రామంలో ప్రజాప్రతినిధులు సమావేశమై ఓటు వేశారు. 178 మందిలో 170 మంది విలీనాన్ని కోరారు. మూడు రోజులకే ఢిల్లీలో ఒప్పందం కుదిరింది.

యానాం అప్పటికే ఫ్రెంచి చేయి దాటిపోయింది. గౌతమీ గోదావరి ఒడ్డున కాకినాడకు దగ్గరలో ఉన్న ఆ చిన్న తెలుగు ఊరు 18వ శతాబ్దం నుంచి ఫ్రెంచివారి వర్తక స్థావరం. బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం బాల్యవివాహాలను నిషేధించాక, ఆ చట్టం చెల్లని యానాంకు పడవల మీద, బండ్ల మీద తరలివెళ్లి పసిపిల్లల పెళ్లిళ్లు జరిపించిన కుటుంబాలు గోదావరి జిల్లాల్లో ఎన్నో. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు ఊరిని స్వాధీనం చేసుకున్నారు. నవంబరు 1 దానికి రాజముద్ర వేసింది. అయితే చట్టపరమైన బదలాయింపు మాత్రం 1962 ఆగస్టు 16 దాకా ఆగింది. పారిస్ ఆ ఒప్పందాన్ని ఆమోదించేలోపు అల్జీరియాలో ఎనిమిదేళ్ల ఘోర యుద్ధం ముగిసి, ఆ దేశం 1962 జులై 5న స్వతంత్రమైంది. ఒకే రోజు మొదలైన రెండు కథలు దాదాపు ఒకే కాలంలో ముగిశాయి. యానాం మాత్రం తెలుగు రాష్ట్రంలో కలవకుండా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగంగా ఉండిపోయింది.

ఇక 1956. భాషాప్రయుక్త రాష్ట్రాల కోరికను ఢిల్లీ ఎంతో కాలం దాటవేసింది. పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహార దీక్షతో 1952 డిసెంబరులో ప్రాణత్యాగం చేశాక, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా 11 జిల్లాల ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఒక భాషకు ఇచ్చాక మిగిలినవాటికి కాదనడం కుదరలేదు. ఆ ఏడాది చివరనే ఫజల్ అలీ అధ్యక్షుడుగా, హృదయనాథ్ కుంజ్రు, కె.ఎం. పణిక్కర్ సభ్యులుగా రాష్ట్రాల పునర్విభజన సంఘం ఏర్పాటైంది. 1955 సెప్టెంబరు 30న నివేదిక ఇచ్చింది.

హైదరాబాదు రాష్ట్రాన్ని విడదీయాలని, అందులోని తెలుగు జిల్లాలను ప్రస్తుతానికి ప్రత్యేక రాష్ట్రంగా ఉంచాలని సంఘం సిఫారసు చేసింది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే ఆంధ్రతో కలపవచ్చునని చెప్పింది. తెలంగాణలో ఉన్న భయాలను నివేదిక దాచలేదు. విద్యలో ముందున్న ఆంధ్రులు ఉద్యోగాలు ఆక్రమిస్తారని, తెలంగాణ ఆదాయం అటు తరలిపోతుందని, కృష్ణా గోదావరి నీటిలో అన్యాయం జరుగుతుందని అక్కడి ప్రజలు అనుమానిస్తున్నారని రాసింది. విశాలాంధ్ర కోరేవారి వాదనా బలమైనదే. ఒకే భాష, ఒకే నదీ పరీవాహకం, రాజధాని లేక కర్నూలు గుడారాల్లో అవస్థ పడుతున్న ఆంధ్రకు సిద్ధంగా ఉన్న హైదరాబాదు నగరం. కేంద్రం సిఫారసును పక్కనపెట్టి విలీనానికి మొగ్గింది.

ఆ భయాలకు జవాబుగా 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు, తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు సంతకం చేశారు. తెలంగాణకు ప్రాంతీయ మండలి, 12 ఏళ్ల స్థానిక నివాసం ఉన్నవారికే ఉద్యోగాలు, తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే, మంత్రివర్గంలో 60:40 నిష్పత్తి, ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవాడు కావడం ఇందులో ముఖ్యాంశాలు. మొదట బిల్లులో రాష్ట్రం పేరు ఆంధ్ర తెలంగాణ అని ఉండేది. పార్లమెంటు పరిశీలనలో అది ఆంధ్రప్రదేశ్‌గా మారింది. తెలంగాణ అన్న మాట పేరులోంచి జారిపోవడాన్ని ఆ ప్రాంతంవారు మరిచిపోలేదు.

రాష్ట్రాల పునర్విభజన చట్టానికి ఆగస్టు 31న రాష్ట్రపతి ఆమోదం లభించింది. చట్టం నిర్దేశించిన రోజు 1956 నవంబరు 1, గురువారం. ఆ ఏడాది దీపావళి కూడా ఆ వారంలోనే వచ్చింది. ఏ, బీ, సీ తరగతుల రాష్ట్రాలు పోయి 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలు వచ్చాయి. గవర్నరుకు సమానమైన రాజప్రముఖ్ పదవి రద్దయింది. 1950 జనవరి 26 నుంచి హైదరాబాదు రాజప్రముఖ్‌గా ఉన్న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అక్టోబరు 31తో పదవి నుంచి దిగాడు. 1724 నుంచి అసఫ్‌జాహీల పేరుతో ముడిపడిన రాజ్యం ఆ రాత్రితో పటం మీద లేకుండా పోయింది. ఔరంగాబాద్, పర్భణీ, నాందేడ్, బీడ్, ఉస్మానాబాద్ జిల్లాలు బొంబాయి రాష్ట్రానికి, గుల్బర్గా, బీదర్, రాయచూరు మైసూరుకు వెళ్లాయి. తొమ్మిది తెలుగు జిల్లాలు ఆంధ్రతో కలిశాయి. 1860లో బ్రిటిష్‌వారు నిజాంకు తిరిగిచ్చిన రాయచూరు దోఆబ్ ఇలా చాలావరకు కన్నడ సీమకు చేరింది.

హైదరాబాదులో కొత్త రాష్ట్రాన్ని ప్రధాని నెహ్రూ ప్రారంభించాడు. చందూలాల్ మాధవ్‌లాల్ త్రివేది గవర్నరు, నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి. హైదరాబాదు ముఖ్యమంత్రిగా ఉన్న బూర్గుల రామకృష్ణారావు అదే నెలలో కేరళ గవర్నరుగా వెళ్లాడు. ఆంధ్ర శాసనసభ్యులు 196 మంది, తెలంగాణ నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనవారు 105 మంది కలిసి ఒక సభ అయ్యారు. ఆంధ్ర సభ్యులు 1955లోనే ఎన్నికయ్యారు కాబట్టి, 1957లో తెలంగాణలో మాత్రమే ఎన్నికలు జరిపి, రాష్ట్రమంతటికీ ఒకేసారి ఎన్నికలను 1962 దాకా వాయిదా వేశారు. గుంటూరులోని హైకోర్టు నవంబరు 5 నుంచి హైదరాబాదుకు మారింది. తొలి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి పదవే లేదు. ఒప్పందానికి తొలి ఉల్లంఘన మొదటి నెలలోనే జరిగిందని చెప్పాలి. 1969లో తెలంగాణ ఉద్యమం రగిలినప్పుడు ఫిర్యాదుల జాబితాలో ఈ సంగతి పైవరుసలో ఉంది. ఆ తర్వాత తెలంగాణవాదులు నవంబరు 1ని విద్రోహ దినంగా పాటిస్తూ వచ్చారు.

అదే రోజు తిరువాన్కూరు కొచ్చి, మలబారు, కాసరగోడు కలిసి కేరళ అయ్యాయి. తిరువాన్కూరు దక్షిణాన తమిళ తాలూకాలు మద్రాసు రాష్ట్రంలో చేరి కన్యాకుమారి జిల్లాగా మారాయి. మైసూరులో బొంబాయి, హైదరాబాదు, మద్రాసుల కన్నడ ప్రాంతాలతో పాటు కొడగు కలిసింది. 1973 నవంబరు 1న దేవరాజ్ అర్స్ ముఖ్యమంత్రిగా ఉండగా ఆ రాష్ట్రం పేరు కర్ణాటకగా మారింది. మధ్యభారత్, వింధ్యప్రదేశ్, భోపాల్ చేరి మధ్యప్రదేశ్ పెద్దదైంది.

ఆంధ్రప్రదేశ్ పదో పుట్టినరోజు నెత్తుటి రోజైంది. ఐదో ఉక్కు కర్మాగారానికి విశాఖపట్నం అనువైన చోటని నిపుణుల బృందం చెప్పినా కేంద్రం తాత్సారం చేస్తుండడంతో, 1966 అక్టోబరు 15న టి. అమృతరావు విశాఖలో నిరాహార దీక్షకు కూర్చున్నాడు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న నినాదం కళాశాలల నుంచి రేవు కార్మికుల దాకా పాకింది. నవంబరు 1న విశాఖ వీధుల్లో పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయినవారిలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. రాష్ట్రంలోని ఇతర పట్టణాల్లోనూ కాల్పులు, మరణాలు సంభవించాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించింది, 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశాడు. విశాఖలో కాల్పులు జరిగిన రోజే ఉత్తరాదిన పాత పంజాబ్ విడిపోయి హర్యానా రాష్ట్రం, చండీగఢ్ కేంద్రపాలిత ప్రాంతం ఏర్పడ్డాయి, కొండ ప్రాంతాలు హిమాచల్‌కు చేరాయి.

1984లో ఇందిరాగాంధీ హత్య మర్నాడు, నవంబరు 1న, ఢిల్లీలో సిక్కుల ఊచకోత తీవ్రరూపం దాల్చింది. ఢిల్లీలోనే 2,733 మంది మరణించారని ప్రభుత్వం నియమించిన సంఘం తేల్చింది. హర్యానా, పంజాబ్‌లు తమ ఏర్పాటు దినాన్ని జరుపుకునే తేదీకి ఆ కుటుంబాల విషాదం కూడా తోడైంది.

2000 నవంబరు 1న మధ్యప్రదేశ్ తూర్పు భాగం రాయపూర్ రాజధానిగా ఛత్తీస్‌గఢ్ అయింది. అజిత్ జోగి తొలి ముఖ్యమంత్రి. దేశంలో అది 26వ రాష్ట్రం. గోదావరి ఉపనదులైన ఇంద్రావతి, శబరి దాటితే తెలుగు వినిపించే దక్షిణ బస్తర్ ఆ రాష్ట్రంలోకి వెళ్లింది.

కర్ణాటక రాజ్యోత్సవం, కేరళ పిరవి నేటికీ ఈ తేదీనే ఘనంగా జరుగుతాయి. తమిళనాడు ప్రభుత్వం కొన్నేళ్లు నవంబరు 1ని తమిళనాడు దినంగా పాటించింది. 2021లో దాన్ని జులై 18కి మార్చింది, మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు పేరు కోరుతూ శాసనసభలో 1967లో తీర్మానం చేసిన రోజు అది. తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి ఇంకా భిన్నం. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక ఆ రాష్ట్ర అవతరణ దినం జూన్ 2 అయింది. మిగిలిన ఆంధ్రప్రదేశ్‌లో 2019 దాకా జూన్ 2నే నవనిర్మాణ దీక్షగా పాటించారు. నవంబరు 1 వేడుకలు ఆగిపోయాయి. 2019లో ప్రభుత్వం మారాక నవంబరు 1న అవతరణోత్సవాలను మళ్లీ జరిపారు. 1953 నాటి అక్టోబరు 1ని అసలైన అవతరణ దినంగా గుర్తించాలని వాదించేవారూ ఆ రాష్ట్రంలో ఉన్నారు.